రెండోసారి ఎవరు పిలిచారు?

ఈసారి వచ్చిన ఉత్తరం:

"అక్కా, మేం నలుగురం. మూడేళ్లుగా రాక్ బ్యాండ్ నడుపుతున్నాం. నేను పాడతాను, రిథమ్ గిటార్ కూడా నాదే. పాటలన్నీ మా సొంతం. ఇప్పటిదాకా 41 షోలు చేశాం. ఏ లేబుల్ (రికార్డు కంపెనీ) నుంచీ పిలుపు రాలేదు. పోయిన నెల షోకి 11 మంది వచ్చారు. అందులో ఆరుగురు మా తర్వాత వాయించాల్సిన బ్యాండ్ వాళ్లే. స్టేజీ మీద నా గొంతు నాకే వినపడదు. ఇప్పుడొక ఆర్గనైజర్ పెద్ద షోలో ఛాన్స్ ఇస్తానంటున్నాడు. కానీ 40 టికెట్లు మేమే ముందు కొనుక్కుని అమ్ముకోవాలట. మా డ్రమ్మర్‌కి విసుగొచ్చేసింది. కవర్లు, అంటే వేరేవాళ్ల పాటలు వాయిస్తే డబ్బులైనా వస్తాయంటాడు. పాటల దగ్గర తన పేరు ఎందుకు వేయరని కూడా గొడవ. అసలు మేం ముందుకి వెళ్తున్నామా, ఉన్నచోటే తిరుగుతున్నామా? ఆపేయమంటారా?"

తమ్ముడూ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నీ బాధంతా ఆ 11 దగ్గర ఉంది. నా కళ్లు మాత్రం 41 దగ్గర ఆగాయి. లేబుల్ అండ లేకుండా, సొంత పాటలతో 41 షోలంటే తక్కువేం కాదు. అయితే నాకు కావాల్సిన లెక్క ఒకటి నువ్వు రాయలేదు. ఆ 41లో ఎన్నిచోట్ల మిమ్మల్ని రెండోసారి పిలిచారు? నువ్వు మెసేజ్ పెట్టి బతిమాలకుండా, తమంతట తాముగా రెండోసారి వచ్చినవాళ్లు ఎంతమంది?

కాంట్రాక్టు లేని బ్యాండుకి ఇంతకంటే నమ్మకమైన కొలత నేను చూడలేదు. లేబుల్ పిలుపు మీ చేతిలో లేదు. జనం ఎంతమంది వస్తారన్నది వాన పడితే మారిపోతుంది, వారం మధ్యలో షో పెడితే మారిపోతుంది. రెండో పిలుపు మాత్రం మీరు చేసిన పనిని చూసే వస్తుంది.

ఈ సంగతి నాకు స్టేజీ మీద ఉన్నంతకాలం తెలియలేదు. ఆరేళ్లు ఒక బ్యాండులో బేస్ వాయించాను, మాకూ ఏ లేబుల్ దొరకలేదు. తర్వాత సౌండ్ పని నేర్చుకుని మిక్సర్ వెనక కూర్చున్నాకే అర్థమైంది. రాత్రి అంతా అయిపోయి నేను కేబుళ్లు చుట్టుకుంటుంటే హాలు మేనేజర్ వచ్చి అడిగేది ఒకటే: "ఇవాళ్టివాళ్లు ఎలా ఉన్నారు?" పాటల గురించి కాదు, అవి ఆయనా విన్నాడు. టైముకి వచ్చారా? ముప్పై నిమిషాలిస్తే ముప్పైలోనే దిగారా? దిగేటప్పుడు డ్రమ్స్ స్టేజీ మీదే కూర్చుని విప్పారా, పక్కకి మోసుకెళ్లి విప్పారా? తమ వంతు అవగానే వెళ్లిపోయారా, తర్వాతి బ్యాండు వినడానికి ఉన్నారా? నా జవాబుని బట్టి ఎన్నో బ్యాండులకి వచ్చే నెల డేటు దొరికింది, ఎన్నింటికో దొరకలేదు. పాట బాగుండి కూడా దొరకని వాళ్లున్నారు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధే.

ఇక ఆ 11 మంది. మా బ్యాండుకి ఒకసారి తొమ్మిదిమంది వచ్చారు. స్తంభం పక్కన ఒకాయన నిలబడి ఉన్నాడు, భుజానికి ఆఫీసు బ్యాగు. మొదటి పాట సగంలో బ్యాగు తీసి కింద పెట్టాడు. రెండో పాట అయ్యేసరికి చేతిలో గ్లాసు కూడా స్పీకర్ పక్కనున్న గట్టు మీద పెట్టేశాడు, రెండు చేతులతో చప్పట్లు కొట్టడానికి. అప్పుడే మా గిటారిస్టు మైకులో అన్నాడు: "ఇవాళ జనం లేరు కదా, త్వరగా ముగించేస్తాం." ఆయన ఇంకో పాట విన్నాడు. తర్వాత బ్యాగు భుజానికి వేసుకుని వెళ్లిపోయాడు. ఎనిమిదిమంది మిగిలారు. మా పాట నచ్చక కాదు ఆయన వెళ్లింది. తను వచ్చినా రానట్టే లెక్కేశామని తెలిసి వెళ్లాడు. వచ్చినవాళ్ల ముందు రానివాళ్ల ప్రస్తావన ఎప్పుడూ తేవద్దు.

ఆ ఆరుగురు "బ్యాండ్ వాళ్లే" అని తీసిపారేశావే, నాకైతే ఆ రాత్రి హాల్లో అందరికంటే ముఖ్యమైనవాళ్లు వాళ్లే. బ్యాండుకి షో ఇప్పించేది ఎక్కువగా ఇంకో బ్యాండే. బ్రిటిష్ బ్యాండ్ ఒయాసిస్ కథ నువ్వు వినే ఉంటావు. 1993 మే 31న గ్లాస్గోలో కింగ్ టట్స్ అనే చిన్న వెన్యూలో వాయిస్తుంటే క్రియేషన్ రికార్డ్స్ యజమాని అలన్ మెగీ చూశాడు, కాంట్రాక్టు ఇస్తానన్నాడు. అందరూ దీన్ని అదృష్టం కథగా చెప్పుకుంటారు. అసలు సంగతి ఏంటంటే, ఆ రాత్రి షో జాబితాలో ఒయాసిస్ పేరే లేదు. వాళ్లతో రిహార్సల్ గది పంచుకునే ఇంకో బ్యాండ్ ఆ షోలో ఉంది. వాళ్లతో పాటు వెళ్లి, పట్టుబట్టి, నాలుగు పాటలకి చోటు సంపాదించుకున్నారు. అప్పటికే సాధన చేస్తూ వచ్చారు కాబట్టే ఆ నాలుగు పాటలు నిలబడ్డాయి. మెగీ రావడం అదృష్టం కావచ్చు. పక్క బ్యాండుతో స్నేహం మాత్రం అదృష్టం కాదు కదా. ఆ ఆరుగురి నంబర్లు నీ దగ్గర ఉన్నాయా? లేకపోతే ఈ వారమే కనుక్కో.

గొంతు వినపడకపోవడం గురించి నువ్వు ఒక్క వాక్యం రాసి వదిలేశావు. కానీ రెండో పిలుపులు రాకపోవడానికి సగం కారణం అక్కడే ఉందేమోనని నా అనుమానం. నీకు వినపడకపోతే అరుస్తావు. అరిస్తే శ్రుతి పోతుంది, నాలుగో పాటకి గొంతు బొంగురుపోతుంది. అందరూ మానిటర్ (పాడేవాళ్లకి తమ గొంతు వినపడేలా స్టేజీ మీద పెట్టే స్పీకర్) పెంచమంటారు. పెంచుతూ పోతే మానిటర్ శబ్దాన్నే మైకు మళ్లీ అందుకుని, కాసేపటికి ఫీడ్‌బ్యాక్ కూత మొదలవుతుంది. తగ్గించాల్సింది గిటార్ యాంప్‌ని. యాంప్ నేల మీద ఉంటుంది, దాని స్పీకర్ మీ గిటారిస్టు మోకాళ్లకి గురిపెట్టి ఉంటుంది. పదునైన శబ్దం స్పీకర్ నుంచి తిన్నగా ముందుకే పోతుంది కాబట్టి, పైన ఉన్న అతని చెవులకి మొద్దుగా వినపడుతుంది. అందుకని ట్రెబుల్ పెంచుతాడు, వాల్యూమ్ పెంచుతాడు. ముందు వరసలో ఉన్నవాళ్ల చెవులు చిల్లులు పడుతుంటాయి, అతనికేమో ఇంకా చాలలేదనిపిస్తుంది. ఒక బలమైన కుర్చీ మీద పెట్టండి, లేదా వెనక్కి వాల్చి స్పీకర్ అతని ముఖానికి తిరిగేలా చేయండి. తనంతట తనే వాల్యూమ్ తగ్గిస్తాడు. నేను ఇది ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు.

ఆ తర్వాత మైకు. చాలా హాళ్లలో నీ చేతికిచ్చేది ఎస్‌ఎం58 గానీ, అలాంటిదే ఇంకోటి గానీ అయ్యుంటుంది. ఇలాంటి మైకు ముందు నుంచి వచ్చేది బాగా తీసుకుంటుంది, సరిగ్గా వెనక నుంచి వచ్చేది బాగా తక్కువ తీసుకుంటుంది. కాబట్టి మానిటర్ మైకు తోకకి ఎదురుగా ఉండాలి, పక్కన కాదు. జాలీ ఉన్న తలని గుప్పెట్లో మూసి పాడితే ఈ గుణమంతా పోతుంది, కూత వెంటనే అందుకుంటుంది. నీ మానిటర్‌లోకి ముందు నీ గొంతు ఒక్కటే రానివ్వు. అది సరిపోయాకే మిగతావి, అవసరమైతేనే. సౌండ్ మనిషిని పేరు అడిగి, పేరుతో పిలిచి అడుగు. "ఏం వినపడట్లేదు" అంటే మాకు ఏం చేయాలో తెలియదు. "నా మానిటర్‌లో నా గొంతు కొంచెం పెంచండి, గిటార్ తీసేయండి" అంటే క్షణంలో పని.

ఇంకోటి, మీలాంటి ముందు వాయించే బ్యాండులకి సౌండ్‌చెక్ చివర్లో వస్తుంది. హెడ్‌లైనర్‌తో (చివర్లో వాయించే ముఖ్యమైన బ్యాండుతో) మొదలుపెట్టి కిందికి దిగుతారు, ఎందుకంటే చివర చెక్ చేసినవాళ్ల సరంజామా స్టేజీ మీద అలాగే ఉంచి వాళ్లతోనే షో మొదలుపెట్టొచ్చు. హెడ్‌లైనర్ ఆలస్యం చేస్తే మీకు మిగిలేది ఐదు నిమిషాలు, ఒక్కొక్క మైకులో శబ్దం వస్తోందా లేదా చూసుకునేంత మాత్రమే. దానికి కోపం తెచ్చుకుని ఏం లాభం లేదు, సిద్ధపడి వెళ్లాలి. ఎవరు ఎక్కడ నిలబడతారు, ఎన్ని మైకులు, ఎన్ని డీఐ బాక్సులు (వాద్యాన్ని నేరుగా మిక్సర్‌కి కలిపే పెట్టెలు) కావాలి అన్నది ఒక కాగితం మీద గీసి రెండు రోజుల ముందే పంపండి. డ్రమ్ కిట్ హాలు వాళ్లది అయినా స్నేర్, సింబల్స్, కిక్ పెడల్ మీవి మీరు తెచ్చుకోండి. రిహార్సల్ గదిలో కూడా గుండ్రంగా ఒకరి ముఖాలు ఒకరు చూసుకుంటూ కాకుండా, స్టేజీ మీద నిలబడే వరసలోనే నిలబడి సాధన చేయండి. డ్రమ్మర్ మామూలుగా కొట్టినప్పుడు నీ గొంతు ఎక్కడ వినపడుతుందో అక్కడిదాకా మిగతావాళ్లంతా తగ్గాలి.

చెవుల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. 85 డెసిబెల్స్ శబ్దంలో రోజుకి 8 గంటలు ఉండొచ్చంటారు. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగమైపోతుంది. 100 దగ్గరికొచ్చేసరికి 15 నిమిషాలే. చిన్న గదిలో డ్రమ్స్ పక్కన 100 దాటడం పెద్ద విషయం కాదు. ద హూ బ్యాండ్ గిటారిస్టు పీట్ టౌన్‌షెండ్ తన వినికిడి పోవడం గురించి, చెవుల్లో హోరు గురించి ఎన్నో ఏళ్లుగా బాహాటంగా చెబుతున్నాడు. సంగీతం వాయించేవాళ్ల కోసం చేసిన ఇయర్‌ప్లగ్స్ దొరుకుతాయి, అన్నిటినీ సమానంగా తగ్గిస్తాయి. నలుగురూ కొనుక్కోండి. నా ఎడమ చెవిలో రాత్రిపూట సన్నని ఈల మోగుతూనే ఉంటుంది. పోయింది తిరిగి రాదు తమ్ముడూ.

40 టికెట్ల ఛాన్స్ వద్దు. ఇది కొత్తగా వచ్చిన పద్ధతేం కాదు, 1980లలో లాస్ ఏంజెలెస్‌లో సన్‌సెట్ స్ట్రిప్ క్లబ్బుల దగ్గర కుర్ర బ్యాండులు ఇలాగే ముందుగా టికెట్లు కొని, వీధుల్లో నిలబడి అమ్ముకునేవి. ఇందులో నష్టమంతా బ్యాండుది. 15 అమ్ముడైతే మిగతా 25కి డబ్బు మీ జేబులోంచి పోయినట్టే. ఆర్గనైజర్‌కి మాత్రం షో మొదలవకముందే అద్దె వచ్చేసింది. ఇక హాలు నింపాలన్న అవసరం ఆయనకేముంది? మీ పాట ఒకటైనా విన్నాడా అని అడిగి చూడు. అయితే ఒక తేడా గమనించాలి. "టికెట్లు తీసుకెళ్లండి, అమ్మినవాటికి డబ్బివ్వండి, మిగిలినవి వెనక్కివ్వండి, అమ్మినదాంట్లో ఇంత వాటా మీది" అంటే అది న్యాయమైన మాట, ఒప్పుకోవచ్చు. ఆయనకి సరిగ్గా ఈ మాటే పెట్టు. కాదంటే మర్యాదగా వద్దని చెప్పు. ఆ ఆరుగురిని, ఇంకో బ్యాండుని కలుపుకుని మీరే ఒక చిన్న గది తీసుకుని షో పెట్టుకోండి. ఖర్చులు పోగా మిగిలింది మూడు భాగాలు. మొదటిసారి చేతికి ఏం మిగలకపోవచ్చు, కానీ ఎవరెవరు వచ్చారన్నది మీ కళ్లతో మీరు చూస్తారు.

కవర్ల గురించి మీ డ్రమ్మర్‌ని కోప్పడకు. బీటిల్స్ 1960 ఆగస్టు నుంచి 1962 డిసెంబర్ దాకా విడతలు విడతలుగా హాంబర్గ్ క్లబ్బుల్లో రాత్రికి గంటల తరబడి వాయించారు, ఎక్కువ భాగం వేరేవాళ్ల పాటలే. 1962 జనవరి 1న డెక్కా కంపెనీ ఆడిషన్‌లో పాడిన 15 పాటల్లో సొంతవి మూడే. డెక్కా వద్దంది. ఆ ఏడాదే ఇఎంఐ తీసుకుంది. కవర్లు వాయించడం వల్ల వాళ్లు చెడిపోలేదు, చేయి తిరిగింది. ఇంకోవైపు న్యూయార్క్‌లో 1973 చివర్లో మొదలైన సీబీజీబీ క్లబ్ సొంత పాటలున్న బ్యాండులనే కోరుకుంది. 1974లో అక్కడ మొదలుపెట్టిన రామోన్స్ తొలి రోజుల్లో సెట్ అంతా ఇరవై నిమిషాల లోపే ముగించేవాళ్లు. వాళ్లు నిలబడింది ఆ పద్ధతిలోనే. కాబట్టి మీ నలుగురికీ ఏది పనికొస్తుందో చూసుకోండి. నా సలహా అడిగితే, నెలకి ఒకటి రెండు కవర్ షోలు వేరే పేరుతో చేయండి. ఆ డబ్బు పంచుకోకుండా రికార్డింగ్‌కి, రిహార్సల్ గది అద్దెకి పెట్టండి. ఇప్పుడున్న పేరు మాత్రం మీ పాటలకే ఉంచండి. లేకపోతే ఆ పేరు చూసి వచ్చినవాళ్లు ఏం వినబోతున్నారో వాళ్లకే తెలియదు.

పాటల దగ్గర పేరు గొడవ నీకు చిన్నగా కనిపిస్తున్నట్టుంది. నాకు మాత్రం ఉత్తరంలో భయం వేసిన చోటు ఇదే. మాంచెస్టర్ బ్యాండ్ ద స్మిత్స్ 1987లో విడిపోయింది. రికార్డులు, షోల ఆదాయంలో తనకి పది శాతమే ఇచ్చారని డ్రమ్మర్ మైక్ జాయిస్ కోర్టుకెళ్లాడు. వాటాల గురించి నలుగురూ కలిసి రాసుకున్న ఒప్పందం లేదు. రాతపూర్వకంగా వేరే ఏర్పాటు లేనప్పుడు భాగస్వాములందరికీ సమాన వాటా అన్న సూత్రం మీద 1996లో అతనికి 25 శాతం వచ్చింది. అంత మంచి సంగీతం చేసినవాళ్లు కోర్టు గదిలో ఎదురెదురుగా కూర్చున్నారు. ఆర్‌ఈఎమ్ బ్యాండ్ దీనికి ముందే దారి వేసుకుంది, పాటల కింద నలుగురి పేర్లూ వేసేవాళ్లు. అందరూ అలాగే చేయాలని నేననను. మాటలు, రాగం రాసినవాడికి ఒక హక్కు ఉంటుంది. రికార్డింగ్‌లో, షోలో వాయించినవాళ్లకి ఇంకో హక్కు ఉంటుంది. ఈ రెండింటినీ విడివిడిగా మాట్లాడుకోండి. షో లేని రోజు, వాద్యాలు పక్కన పెట్టి, నలుగురూ కూర్చుని ఒక్కో పాట పేరు రాసి ఎదురుగా ఎవరికి ఎంత అన్నది రాసి సంతకాలు పెట్టుకోండి. ఒక్క పేజీ చాలు. నీ పాటల్లో ఒక్కటైనా అతని బీట్ వల్ల దారి మార్చుకుని ఉంటే, ఆ సంగతి ముందు నువ్వే చెప్పు. అతను అడుగుతున్నది డబ్బు కాదేమో.

పాటలు రాయల్టీ వసూలు చేసే సొసైటీలో నమోదు చేయించుకోవడం మర్చిపోవద్దు. లేబుల్ లేకపోయినా చేరొచ్చు. చాలాచోట్ల సెట్‌లిస్ట్ (షోలో పాడిన పాటల జాబితా) సమర్పిస్తే లైవ్‌లో సొంత పాట పాడినందుకు కూడా కొంత వస్తుంది.

రెండోసారి వచ్చినవాడికి ఇంటికి తీసుకెళ్లడానికి ఏదో ఒకటి ఉండాలి. ఇంగ్లండ్ బ్యాండ్ ఆర్కిటిక్ మంకీస్ తొలి రోజుల్లో డెమో సీడీలు షోల దగ్గర ఉచితంగా పంచేవాళ్లు. విన్నవాళ్లు వాటిని నెట్‌లో పంచుకున్నారు. ఒక్క పాట కూడా మార్కెట్‌లోకి రాకముందే జనం షోలలో పదాలు గొంతు కలిపి పాడటం మొదలుపెట్టారు. 2005లో డొమినో అనే చిన్న లేబుల్‌తో ఒప్పందం కుదిరింది, ఆ అక్టోబర్‌లో వాళ్ల సింగిల్ బ్రిటన్ చార్టులో మొదటి స్థానానికి వెళ్లింది. సీడీల కాలం పోయింది. మూడు పాటలు మంచిగా రికార్డ్ చేసి, వాటి లింకు ఉన్న చిన్న కార్డు చేతిలో పెట్టినా చాలు. కార్డు ఇచ్చేది మాత్రం నువ్వే అవ్వాలి, స్టేజీ దిగిన పది నిమిషాల్లో, చెమట ఆరకముందే.

ఆపేయాలా అని అడిగావు. దీనికి జవాబు నా దగ్గర లేదు, మీ రికార్డింగుల్లో ఉంది. వాషింగ్టన్ డీసీ బ్యాండ్ ఫుగాజీ పెద్ద లేబుల్‌కి వెళ్లకుండా, తమ గాయకుడు నడిపే లేబుల్‌తోనే 1987 నుంచి 2002 దాకా వెయ్యికి పైగా షోలు చేసింది, అందులో 800కి పైగా రికార్డ్ చేసి దాచింది. మీరు కూడా ప్రతి షోనీ మిక్సర్ దగ్గర ఫోన్ పెట్టి రికార్డ్ చేయండి. ఆ రాత్రే వినొద్దు, రెండు రోజులు ఆగండి. మొదటి ఏడాది షో ఏదైనా నీ దగ్గర ఉంటే, దాన్నీ పోయిన నెల షోనీ పక్కపక్కన పెట్టి నలుగురూ కలిసి వినండి. పాటల మధ్య మౌనం తగ్గిందా? పల్లవి దగ్గర నలుగురూ ఒకేసారి దిగుతున్నారా? మూడేళ్లలో ఏమీ మారలేదనిపిస్తే షోలు ఆరు నెలలు ఆపి గదిలోకి వెళ్లండి, కొత్త పాటలు రాయండి. మారిందనిపిస్తే ఆపడానికి 11 మంది ఒక కారణం కాదు.

ఒక నోట్‌బుక్ కొను. షో తేదీ, హాలు, ఎంతమంది వచ్చారు, అందులో మళ్లీ వచ్చినవాళ్లు ఎవరు, సౌండ్ మనిషి పేరు, మళ్లీ ఎప్పుడు పిలుస్తామన్నారు, ఏ పాట దగ్గర జనం ఫోన్లు జేబులో పెట్టుకున్నారు. ఇంతే. వచ్చే పది షోలకి రాసి ఆ లెక్క నాకు పంపు. డ్రమ్మర్‌తో కూర్చున్నప్పుడు ఏం తేలిందో కూడా రాయి, దాని కోసం ఎదురుచూస్తుంటాను.